ఉమ్మడి ఆస్తి, ఒకే పంక్తి: హుట్టరైట్ల ఐదు శతాబ్దాల చరిత్ర

క్రైస్తవ మత చరిత్రలో సొంత ఆస్తిని వదులుకుని ఉమ్మడిగా బతకాలన్న ఆశయం పలుమార్లు తలెత్తింది. నాలుగో శతాబ్దపు ఈజిప్టు ఎడారి మఠాలు మొదలుకొని పదమూడో శతాబ్దపు అసీసీ ఫ్రాన్సిస్ అనుచరుల దాకా ఆ ఆశయాన్ని ఆచరణలో పెట్టినవారిలో అత్యధికులు వివాహం మానుకున్న సన్యాసులు కావడంతో, ఆస్తిని త్యజించడమంటే సంసారాన్ని త్యజించడమేనన్న భావం ఐరోపాలో స్థిరపడిపోయింది. పదహారో శతాబ్దంలో మొరావియాలో, అంటే నేటి చెక్ దేశపు తూర్పు ప్రాంతంలో, రూపుదిద్దుకున్న హుట్టరైట్ల సమాజం ఈ భావాన్ని తోసిపుచ్చి, భార్యాబిడ్డలతో కాపురం చేస్తూ, పొలాలు దున్నుతూ, చేతివృత్తులు సాగిస్తూనే చిల్లిగవ్వ కూడా సొంతానికి దాచుకోకుండా బతకడానికి పూనుకుంది. దాదాపు ఐదు శతాబ్దాలుగా సాగుతున్న ఈ ప్రయత్నంలో ఉమ్మడి ఆస్తి పద్ధతి రెండుసార్లు చెదిరిపోయి, రెండుసార్లూ తిరిగి నిలదొక్కుకుంది. బడి, వృత్తి, లెక్కల పుస్తకం, పంపకపు నియమం, రాతప్రతి వంటి సాదాసీదా ఏర్పాట్లు దన్నుగా ఉన్నంతకాలం ఆ భక్తి నిలిచిందనీ, అవి సడలినప్పుడల్లా ఎంతటి భక్తీ ఆస్తిని ఉమ్మడిగా ఉంచలేకపోయిందనీ ఈ పతనోత్థానాల క్రమం తెలియజేస్తుంది.

ఈ సమాజం పుట్టుక అనాబాప్టిస్టు ఉద్యమంతో ముడిపడి ఉంది. 1517లో మార్టిన్ లూథర్ ప్రారంభించిన సంస్కరణోద్యమం పోపు అధికారాన్ని ధిక్కరించినా, పుట్టిన ప్రతి శిశువుకూ బాప్తిస్మం ఇచ్చే పాత ఆచారాన్నీ, సంఘానికీ ప్రభుత్వానికీ మధ్య ఉన్న బంధాన్నీ అలాగే ఉంచింది. స్విట్జర్లాండులోని జూరిచ్ నగరంలో 1525 జనవరి 21న కాన్రాడ్ గ్రెబెల్ అనే యువకుడు జార్జ్ బ్లౌరాక్ అనే మాజీ గురువుకు, ఆయన కోరిక మేరకే, బాప్తిస్మం ఇచ్చినప్పుడు ఈ రెండింటినీ ఒక్కసారే ప్రశ్నించినట్టయింది. మంచిచెడ్డలు తెలిసిన వయసులో తమంతట తాము విశ్వాసాన్ని ఒప్పుకున్నవారికే బాప్తిస్మం ఇవ్వాలనే ఈ వర్గానికి, మళ్లీ బాప్తిస్మం తీసుకునేవారనే అర్థంలో, ప్రత్యర్థులు అనాబాప్టిస్టులనే పేరు పెట్టారు. క్రైస్తవుడు ఆయుధం పట్టరాదనీ, ఒట్టు వేయరాదనీ వీరిలో చాలామంది నమ్మారు. పుట్టుకతోనే ప్రతి మనిషీ సంఘంలోనూ రాజ్యంలోనూ సభ్యుడయ్యే ఆనాటి వ్యవస్థలో ఇది మత భేదంగా కాక రాజద్రోహంగా కనిపించడం వల్ల, 1529లో స్పైయర్ నగరంలో సమావేశమైన సామ్రాజ్య సభ వీరికి మరణశిక్ష విధించాలని శాసించింది.

ఆ శాసనం నుంచి తప్పించుకునేవారికి మొరావియా ఆశ్రయమైంది. అక్కడి జమీందారులు రాజాజ్ఞను ఖాతరు చేయకుండా తమ ఎస్టేట్లలో తమకు నచ్చిన మతస్థులకు చోటిచ్చేవారు. లీఖ్టెన్‌స్టైన్ వంశీకుల అధీనంలోని నికోల్స్‌బర్గ్, అంటే నేటి మికులోవ్ పట్టణం, ఈ విధంగా అనాబాప్టిస్టులకు కేంద్రమైంది. అయితే ప్రభువు కత్తి పట్టడం ధర్మమేనని అక్కడి బోధకుడు బాల్తసార్ హుబ్‌మయర్ వాదించగా, ఏ పరిస్థితిలోనూ కత్తి పట్టరాదనీ, యుద్ధానికి పన్ను కూడా కట్టరాదనీ జాకబ్ వీడెమన్ వర్గం పట్టుబట్టింది. 1528 తొలి నెలల్లో వీడెమన్ వర్గానికి చెందిన దాదాపు 200 మంది పెద్దలు పిల్లాపాపలతో పట్టణం విడిచి బయలుదేరారు. దారిలో పాడుబడిన ఒక గ్రామంలో వారి నాయకులు నేల మీద ఒక అంగీ పరిచారనీ, ప్రతివారూ ఎవరి బలవంతమూ లేకుండా తమ దగ్గరున్నదంతా దాని మీద ఉంచారనీ హుట్టరైట్ల పెద్ద చరిత్ర గ్రంథం నమోదు చేసింది. బైబిల్లోని అపొస్తలుల కార్యముల గ్రంథంలో వర్ణించిన యెరూషలేము సంఘపు ఉమ్మడి జీవితం వారికి ఆదర్శమన్నది నిజమే అయినా, ఉన్నవారూ లేనివారూ కలిసి నడుస్తున్న ఆ గుంపులో అందరికీ తిండి దొరకాలంటే అప్పటికి వేరే మార్గం లేదన్నదీ అంతే నిజం. ఆ రోజే సంఘపు ఐహిక వ్యవహారాలు చూడడానికి సేవకులను ఎన్నుకోవడం, ఆ పదవి నేటికీ కొనసాగుతుండడం గమనించదగిన విషయాలు.

ఆ గుంపు మొరావియాలోనే ఉన్న ఆస్టర్లిట్జ్ పట్టణం చేరి స్థిరపడిన తరువాత కొద్ది కాలానికే తగవులు, చీలికలు మొదలయ్యాయి. వాటిని చక్కదిద్దినవాడు టిరోల్ కొండ ప్రాంతానికి చెందిన టోపీల తయారీదారు జాకబ్ హుట్టర్. టిరోల్‌లో హింసకు గురవుతున్న కుటుంబాలను ఆయన మొరావియాకు తరలిస్తూ వచ్చాడు. 1533లో సంఘ నాయకత్వం చేపట్టి, ఆస్తినీ వంటనూ పనినీ పూర్తిగా ఉమ్మడి చేసే క్రమాన్ని కట్టుదిట్టం చేశాడు. జర్మనీలోని మున్‌స్టర్ పట్టణాన్ని 1534లో మరో అనాబాప్టిస్టు వర్గం ఆయుధాలతో స్వాధీనం చేసుకోవడంతో, శాంతియుతంగా బతుకుతున్నవారి మీద కూడా అనుమానం పెరిగి, ఫెర్డినాండ్ రాజు ఒత్తిడికి తలొగ్గిన మొరావియా జమీందారులు 1535లో వీరిని ఎస్టేట్ల నుంచి వెళ్లగొట్టారు. టిరోల్‌కు తిరిగి వెళ్లిన హుట్టర్ అక్కడ పట్టుబడి, చిత్రహింసల తరువాత 1536 ఫిబ్రవరిలో ఇన్స్‌బ్రూక్ నగరంలో సజీవ దహనానికి గురయ్యాడు. ఆయన నాయకత్వం మూడేళ్లయినా నిండలేదు గాని, సమాజానికి ఆయన పేరే మిగిలింది.

ఉమ్మడి ఆస్తికి సిద్ధాంత రూపం ఇచ్చినవాడు సైలీషియా ప్రాంతపు చెప్పులు కుట్టేవాడైన పీటర్ రీడెమన్. 1540ల ఆరంభంలో జర్మనీలోని హెస్సె సంస్థానంలో బందీగా ఉన్న కాలంలో, తమ విశ్వాసం ఏమిటో ప్రభువుకు వివరించడానికి ఆయన రాసిన గ్రంథం హుట్టరైట్లకు నేటికీ ప్రమాణం. అందులో ఆయన ప్రకృతినే సాక్ష్యంగా నిలబెట్టాడు. దేవుడు సృష్టినంతటినీ అందరికీ కలిపి ఇచ్చాడనీ, సూర్యుడు, వెలుతురు, గాలి వంటివి మనిషి చేతికి అందనంత ఎత్తున ఉన్నందువల్లనే ఇప్పటికీ అందరివిగా మిగిలాయనీ, చేతికి అందిన భూమినీ వస్తువులనూ మాత్రం మనిషి పట్టుకుని నావి అన్నాడనీ ఆయన వాదన. అందినట్టయితే సూర్యుణ్ణి కూడా పంచుకునేవారేనన్న ధ్వని అందులో ఉంది. దీన్నిబట్టి ఆస్తిని వదులుకోవడం ప్రత్యేకమైన పుణ్యకార్యం అనిపించుకోదు. సృష్టి తొలి స్థితికి తిరిగి రావడం అవుతుంది. తనదన్న పట్టుదలను విడిచి దేవుని చిత్తానికీ సంఘానికీ లోబడే ఈ మనఃస్థితిని హుట్టరైట్లు గెలాసెన్‌హైట్ అంటారు. తెలుగులో దీన్ని ఆత్మసమర్పణ అనవచ్చు.

సిద్ధాంతం ఎంత గొప్పదైనా దాన్ని ఇల్లూ వాకిలీగా మార్చినది 1565 నుంచి 1578 దాకా పీటర్ వాల్‌పాట్ నాయకత్వంలో సాగిన స్వర్ణయుగం. ఆ శతాబ్దాంతానికి మొరావియాలో హుట్టరైట్ల సంఖ్య 20,000 దాటిందని చరిత్రకారుల అంచనా. వారు బ్రూడర్‌హోఫ్‌లు, అంటే సోదరుల ఆవాసాలు అనే పెద్ద ఇళ్ల సముదాయాల్లో, ఒక్కోదానిలో కొన్ని వందల మంది చొప్పున నివసించేవారు. కింది అంతస్తులో వంటశాల, భోజనశాల, వృత్తిశాలలు ఉండేవి. పై అంతస్తుల్లో, ఏటవాలు కప్పు కింద, దంపతులకు చిన్న చిన్న గదులుండేవి. గడ్డిని తడి బంకమట్టితో కలిపి మందంగా పరిచిన ఆ కప్పులు నిప్పు అంటుకోనివ్వవని పేరు పొందాయి. తల్లి పాలు మానిన పిల్లలను చిన్నబడిలో చేర్చుకుని, అక్కడే తిండి, నిద్ర, చదువు ఏర్పాటు చేసేవారు. 1578 నాటి బడి నియమావళిలో పిల్లల ఆరోగ్యం గురించి ఉన్న సూచనలు ఆశ్చర్యం కలిగిస్తాయి: నోటిపూత ఉన్న పిల్లవాడి నోట్లో వేలుపెట్టి చూసిన ఆయా ఆ వేలిని శుభ్రమైన నీటితో కడిగి, గుడ్డతో తుడుచుకోకుండా మరో పిల్లవాడిని ముట్టుకోరాదనీ, జబ్బుపడిన పిల్లలను మిగతావారికి దూరంగా ఉంచాలనీ అందులో ఆదేశించారు. సూక్ష్మజీవుల శాస్త్రానికి మూడు వందల ఏళ్ల ముందు, పిల్లలందరినీ ఒకేచోట పెంచే బాధ్యత నేర్పిన జాగ్రత్త ఇది. ఆ బళ్ల మూలంగా, ఐరోపా రైతాంగంలో చదువురానివారే ఎక్కువగా ఉన్న కాలంలో, ఈ సమాజంలో ఆడపిల్లలతో సహా పిల్లలందరికీ అక్షరాలు వచ్చేవి.

ఆర్థికంగా ఈ ఆవాసాలు వ్యవసాయం మీద ఎంత ఆధారపడ్డాయో చేతివృత్తుల మీదా అంతే ఆధారపడ్డాయి. ద్రాక్షతోటలు, పిండిమరలు నడపడంలోనూ, కత్తులూ చాకులూ, గడియారాలు, బండ్లు, తోలు సామాను తయారు చేయడంలోనూ వీరి పనితనానికి మంచి పేరుండడంతో జమీందారులు తమ ఎస్టేట్ల నిర్వహణను కూడా వీరికి అప్పగించేవారు. వీరి వైద్యుడు జార్జ్ జోబెల్‌ను రుడాల్ఫ్ చక్రవర్తి చికిత్స కోసం ప్రాగ్ రాజసౌధానికి పిలిపించడం, మరణశిక్ష మెడ మీద వేలాడుతున్న సమాజానికి నైపుణ్యం ఎంత రక్షణ కల్పించిందో తెలుపుతుంది. అయినా ప్రతి వృత్తికీ హద్దులుండేవి. చాకు చేయవచ్చు గాని యుద్ధపు కత్తి చేయరాదు. బట్టలు కుట్టవచ్చు గాని ఆడంబరపు అల్లికలు అల్లరాదు. చేతులతో చేసింది అమ్మవచ్చు గాని ఒకచోట కొని మరోచోట లాభానికి అమ్మే వర్తకం చేయరాదు. హబాన్ పింగాణీ పేరుతో నేడు మ్యూజియాల్లో కనిపించే వీరి పాత్రలు ఈ హద్దుల మధ్య పుట్టినవే. తగరం కలిపిన తెల్లని పూత మీద నీలం, పసుపు, ఆకుపచ్చ, ఊదా రంగుల్లో పూలూ లతలూ మాత్రమే తీర్చేవారు. తొలికాలపు పాత్రల మీద మనిషి బొమ్మ కనిపించదు. ఆ పాత్రలు ప్రధానంగా ప్రభువుల బల్లల మీదికి చేరేవి. వాటి సొమ్ము ఉమ్మడి ఖజానాలో పడేది. నిరాడంబరత వ్యక్తికీ, సంపద సంఘానికీ చెందిన ఈ విచిత్రమైన అమరికే ఇరుగుపొరుగుల అసూయకూ కారణమైంది.

1620లో ప్రాగ్ దగ్గర వైట్ మౌంటెన్ యుద్ధంలో ప్రొటెస్టెంటు ప్రభువులు ఓడిపోవడంతో, రక్షించేవారు లేక 1622లో హుట్టరైట్లను మొరావియా నుంచి వెళ్లగొట్టారు. కొందరు నేటి స్లొవాకియాలోకి, కొందరు ట్రాన్సిల్వేనియాకు, అంటే నేటి రుమేనియాలోని కొండ ప్రాంతానికి చేరారు. కొట్లలోని ధాన్యం, పశువులు, ద్రాక్షసారా నిల్వలు పోయిన తరువాత ఉమ్మడి పంక్తికి ఆధారం తగ్గింది. స్లొవాకియాలోని సబాటిష్‌లో 1639 నుంచి 1662 దాకా పెద్దగా ఉన్న ఆండ్రియాస్ ఎహ్రెన్‌ప్రైస్ పాత కట్టుబాట్లను తిరిగి రాయించి, ప్రసంగాలను గ్రంథస్థం చేయించాడు. విడివిడి గింజలు తమ రూపాన్ని పోగొట్టుకుని పిండి అయితే తప్ప రొట్టె కాలేవన్న పాత ఉపమానాన్ని ఆయన ఉమ్మడి జీవితానికి అన్వయించి నచ్చజెప్పాడు. అయినా 1690లు ముగిసేనాటికి ఆస్తి ఇంటింటికీ విడిపోయింది. తరువాతి శతాబ్దంలో ఆస్ట్రియా పాలకురాలు మరియా తెరెసా కాలపు ఒత్తిడికి స్లొవాకియాలోని అత్యధికులు కాథలిక్కులయ్యారు. జెసూట్ గురువులు ఇళ్లు సోదా చేసి చేతిరాత పుస్తకాలను జప్తు చేశారంటే, ఈ సమాజపు బలం ఎక్కడుందో వారు సరిగానే గుర్తించారనుకోవాలి.

దాచిపెట్టిన కొన్ని రాతప్రతులే రెండో జన్మకు కారణమయ్యాయి. 1750ల్లో ఆస్ట్రియాలోని కరింథియా నుంచి ట్రాన్సిల్వేనియాకు బహిష్కరణకు గురైన లూథరన్ రైతు కుటుంబాలు అక్కడ మిగిలిన కొద్దిమంది హుట్టరైట్లను కలుసుకుని, వారి పాత పుస్తకాలు చదివి, ఆ పుస్తకాలు కలిగినవారే వదిలేసిన ఉమ్మడి ఆస్తిని 1760ల ఆరంభంలో తిరిగి మొదలుపెట్టాయి. హింస వెంటాడడంతో 1767లో వీరంతా కార్పేథియన్ పర్వతాలు దాటి వలాకియాకూ, 1770లో రష్యా సామ్రాజ్యంలోని విషెంకాకూ, 1802లో దాని సమీపంలోని రదిచేవ్‌కూ వలసపోయారు. హింస లేని రష్యాలో ఎదురైన కష్టం వేరు. జనం పెరిగినా భూమి పెరగలేదు. బడి స్థాయి దిగజారింది. పనిలో శ్రద్ధ తగ్గి తగవులు పెరిగాయి. 1819లో రదిచేవ్ అగ్నిప్రమాదంలో కాలిపోయాక ఆస్తిని పంచేసుకున్నారు. శత్రువు పెట్టిన బాధలకన్నా లోపలి క్రమం సడలడమే ఈ రెండో పతనానికి కారణమని చెప్పక తప్పదు. 1842లో దక్షిణ ఉక్రెయిన్‌లోని మొలొచ్నా ప్రాంతంలో, మెన్నొనైట్లు అనే మరో అనాబాప్టిస్టు శాఖవారి పొరుగున స్థిరపడి, మెరుగైన వ్యవసాయం నేర్చుకున్న తరువాత, 1859లో మిఖాయిల్ వాల్డ్‌నర్ అనే కమ్మరి బోధకుడి చొరవతో ఒక వర్గం, మరుసటి ఏడాది డారియస్ వాల్టర్ నాయకత్వంలో మరో వర్గం ఉమ్మడి ఆస్తిని పునరుద్ధరించాయి.

రష్యా నిర్బంధ సైనిక సేవను ప్రవేశపెట్టబోవడంతో 1874 నుంచి 1879 దాకా వీరు అమెరికాలోని డకోటా మైదానాలకు తరలిపోయారు. వచ్చిన దాదాపు 1,200 మందిలో సుమారు మూడో వంతు మాత్రమే మూడు ఉమ్మడి కాలనీలుగా ఏర్పడగా, మిగిలినవారు విడివిడిగా పొలాలు తీసుకుని క్రమంగా మెన్నొనైట్ సంఘాల్లో కలిసిపోయారు. ఆ మూడు కాలనీల నుంచే కమ్మరి వర్గం, డారియస్ వర్గం, ఉపాధ్యాయ వర్గం అనే మూడు శాఖలు వచ్చాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనిక దుస్తులు ధరించడానికి నిరాకరించిన నలుగురు హుట్టరైట్లను అల్కట్రాజ్, లెవెన్‌వర్త్ జైళ్లలో హింసించగా, వారిలో జోసెఫ్, మిఖాయిల్ హోఫర్ అనే అన్నదమ్ములు 1918లో మరణించారు. బతికుండగా తొడుక్కోనన్న సైనిక దుస్తులనే జోసెఫ్ శవానికి తొడిగించారు. ఈ ఘటన తరువాత చాలా కాలనీలు కెనడాకు తరలాయి. అక్కడ ఆల్బెర్టా రాష్ట్రం 1947లో ఉమ్మడి ఆస్తి చట్టం తెచ్చి, కొత్త కాలనీల విస్తీర్ణానికీ వాటి మధ్య దూరానికీ పరిమితులు విధించి, 1970ల ఆరంభం దాకా అమలు చేసింది.

నేడు ఉత్తర అమెరికాలో 500కు పైగా కాలనీల్లో దాదాపు 50,000 మంది హుట్టరైట్లు ఉన్నారు. రదిచేవ్ నేర్పిన పాఠం వీరి విభజన నియమంలో కనిపిస్తుంది. కాలనీ జనాభా 120 నుంచి 150 దాకా పెరిగేసరికి అందరికీ బాధ్యత గల పని దొరకదనీ, పని లేనిచోట తగవు పుడుతుందనీ గ్రహించి, అంతకు ఏళ్ల ముందునుంచే సొమ్ము కూడబెట్టి కొత్త భూమి కొని, కొట్టాలూ ఇళ్లూ కట్టి సిద్ధం చేస్తారు. కుటుంబాలను వయసులో, సంఖ్యలో సరితూగే రెండు జాబితాలుగా రాస్తారు. కొన్ని శాఖల్లో అందరూ సామాను సర్దుకున్న తరువాతే చీటీ తీసి, ఏ జాబితావారు వెళ్లాలో, ఏ జాబితావారు ఉండాలో నిర్ణయిస్తారు. కొత్త ఇంటి మీద ఆశా పాత ఇంటి మీద మమకారమూ ఎవరి తరఫునా తీర్పు చెప్పకుండా చూసే పద్ధతి ఇది. బోధకుడి ఎంపికలో కూడా ఓట్లు పొందినవారి పేర్ల మధ్య చీటీయే తుది మాట. ఆ బోధకుడు ఆదివారం సొంత ప్రసంగం చేయక, పదిహేడో శతాబ్దంలో రాసిపెట్టిన ప్రసంగాలనే చదువుతాడు.

ప్రకృతి విషయంలో వీరి వైఖరి బయటివారు ఊహించుకునేదానికి భిన్నం. యంత్రాలను పరిమితం చేసే అమిష్ శాఖవారిలా కాక, వీరు వేల ఎకరాల్లో భారీ ట్రాక్టర్లతో గోధుమ పండిస్తారు. మోంటానా రాష్ట్రపు కోడిగుడ్లలో, పందుల పెంపకంలో అధికభాగం వీరిదే. యంత్రం కాలనీది అయినంతకాలం తప్పు లేదు. సొంత కారు, టెలివిజన్ మాత్రం వ్యక్తిని సంఘం నుంచి విడదీస్తాయని వాటిని దూరం పెట్టారు. దీని మూల్యమూ చిన్నది కాదు. స్త్రీలకు కాలనీ నిర్ణయాల్లో ఓటు లేదు. పై చదువులకు అవకాశం తక్కువ. కాలనీ విడిచి వెళ్లేవారికి సాధారణంగా ఆస్తిలో వాటా దక్కదు.

ప్రకృతి వైపు మళ్లాలన్న ఆధునిక ఆరాటం ఈ పాత సంప్రదాయాన్ని చేరుకోవడం జర్మనీలో జరిగింది. నగరాలను వదిలి అడవులూ పల్లెలూ తిరిగిన యువజన ఉద్యమపు ప్రభావంతో, ఎబర్‌హార్డ్ ఆర్నాల్డ్ అనే వేదాంతి 1920లో సానెర్జ్ గ్రామంలో ఒక ఉమ్మడి కుటుంబాన్ని ఏర్పరచి, దానికి బ్రూడర్‌హోఫ్ అనే పేరు తీసుకున్నాడు. పాత హుట్టరైట్ల రచనలు చదివి, వారి వారసులు ఇంకా ఉన్నారని తెలిసి, 1930లో ఉత్తర అమెరికా వెళ్లి వారి కాలనీలు చూసి, వారి చేతనే బోధకుడిగా అభిషేకం పొందాడు. 1937లో నాజీ ప్రభుత్వం ఆ ఆవాసాన్ని మూయించగా, సభ్యులు ఇంగ్లండుకూ, తరువాత పరాగ్వేకూ, 1954లో అమెరికాకూ చేరారు. ఆ రెండు సమాజాల మధ్య బంధం తరువాత తెగి, అతుకుతూ, మళ్లీ తెగింది.

తెలుగు నేలతో ఈ చరిత్రకు ఉన్న సంబంధం పొరుగింటి బంధుత్వం వంటిది. హుట్టరైట్లు ఉమ్మడి ఆస్తిని పునరుద్ధరించుకున్న కాలంలోనే, 1860లో, అదే మొలొచ్నాలో మెన్నొనైట్ బ్రదరెన్ అనే శాఖ పుట్టింది. ఆ శాఖకు చెందిన అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు 1889లో రష్యా నుంచి బయలుదేరి, అమెరికన్ బాప్టిస్టు మిషన్ సహకారంతో నల్లగొండలో పని ప్రారంభించారు. 1899లో అమెరికా మెన్నొనైట్ బ్రదరెన్ మిషనరీలు హైదరాబాదు సంస్థానానికి వచ్చి, క్రమంగా నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, జడ్చర్ల, మహబూబ్‌నగర్ వంటి చోట్ల కేంద్రాలు నెలకొల్పారు. జూరిచ్‌లో మొదలైన విశ్వాసుల బాప్తిస్మం ఈ దారిలో పాలమూరు పల్లెలకు చేరింది. అంగీ మీద ఆస్తి పోసే సంప్రదాయం మాత్రం ఆ శాఖలో లేనందున ఇక్కడికి రాలేదు. బడీ ఆసుపత్రీ సంఘ జీవితంలో భాగమన్న అవగాహన మాత్రం వచ్చి, జడ్చర్లలోని వైద్యకేంద్రం రూపంలో స్థిరపడింది.

హుట్టరైట్ల పద్ధతి లోకానికంతటికీ నమూనా కాలేదు, కావాలని వారు కోరుకున్నదీ లేదు. చిన్నదిగా ఉండాలన్న హద్దు, హద్దు దాటితే విడిపోవాలన్న నియమం, వ్యక్తి ఇష్టాన్ని సంఘానికి లోబరచాలన్న కఠిన షరతు లేకుండా అది నిలవదు. ఆ షరతులను బయటి సమాజం అంగీకరించదు. సంసారులు సొంత ఆస్తి లేకుండా తరతరాలు బతకలేరన్న వాదానికి మాత్రం వారి చరిత్ర గట్టి సమాధానమే. అది త్యాగాన్ని ఆవేశానికి వదిలిపెట్టక, ప్రతి తరమూ మొదటినుంచి నేర్చుకోవలసిన వృత్తిలా బడిలో నేర్పి, పుస్తకంలో రాసి, ధాన్యపు కొట్లో లెక్కగట్టి చూపిన సమాధానం.